గొంతు దిగని పొగ

ఏడో నంబరు సిగరెట్టు మూడో దమ్ము లాగి స్తమాత్ కళ్ళు మూసుకున్నాడు. పొగని నాలుక మీద కాసేపు నిలబెట్టాడు. కొంత ముక్కులోంచి వదిలాడు. మిగిలినదాన్ని లోపలికి, ఎక్కడిదాకా పోగలిగితే అక్కడిదాకా లాక్కున్నాడు. కళ్ళు తెరిచి కాగితం మీద రాశాడు: వాసన నాలుగు, ఘాటు ఆరు, గొంతు మంట మూడు, ఆఖర్న తడిసిన ఎండుగడ్డి. సిగరెట్టు ఇంకా సగం కూడా కాలలేదు. దాన్ని ఇసుక గిన్నెలో గుచ్చి, చప్పటి టీ ఒక గుక్క పుక్కిలించి, ఆపిల్ ముక్క నమిలి, ఎనిమిదో నంబరు అందుకున్నాడు.

హాస్కొవో ఊళ్ళో పొగాకు ఫ్యాక్టరీ మూడో అంతస్తులో ఉన్న ఈ గదికి కిటికీలున్నాయి గాని తెరిచే హక్కు ఎవరికీ లేదు. గోడలకి వేసిన తెల్ల పలకలు పొగ పట్టి ఎప్పుడో మీగడ రంగుకి తిరిగాయి. పొడుగాటి బల్లని చెక్కలతో నాలుగు అరలుగా కొట్టారు, ఒకడు వేసిన మార్కులు పక్కవాడి కంట పడకుండా. నలుగురు టేస్టర్లు. ఉదయం పదహారు సిగరెట్లు, మధ్యాహ్నం పన్నెండు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా స్తమాత్ చేస్తున్న పని ఇదే.

అయినా మా ఊళ్ళో ఎవర్నడిగినా స్తమాత్ పొగతాగడనే చెబుతారు. నవ్వకండి. అతను ఏనాడూ జేబులో సిగరెట్టు పెట్టె పెట్టుకు తిరగలేదు. బజార్లో నిలబడి ముట్టించలేదు. ఇంట్లో ఒక్క దమ్ము లాగలేదు. ఆదివారం సిగరెట్టు మొహం చూడడు. పొగతాగేవాళ్ళంటే అతనికి ఒళ్ళు మంట. రుచీ పచీ తెలీకుండా ఊదిపారేసే మంద అంటాడు వాళ్ళని.

మనిషి పొడుగు, ఒట్టి ఎముకల గూడు. మీసం వాసన పట్టుకుంటుందని నున్నగా గీసేస్తాడు. వాసనలేని సబ్బు తప్ప ఒంటికి తగలనివ్వడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వెల్లుల్లి లేదు, ఉల్లి లేదు, కాఫీ లేదు, ద్రాక్షసారా లేదు. మా దేశంలో వెల్లుల్లి లేకుండా బతికేవాడు బతికినట్టే కాదు. భార్య యోన్కా పాతికేళ్ళు అతనికి చప్పిడి కూడు వండిపెట్టింది. మరీ నోరు పీకినప్పుడు పక్కింటికి పోయి, దోసకాయా వెల్లుల్లీ వేసిన పెరుగు సూప్ ఒక గిన్నెడు తాగొచ్చేది. గుమ్మంలోనే పసిగట్టేవాడు. "మళ్ళీ తిన్నావు" అనేవాడు, దొంగని పట్టుకున్నట్టు. నాలుగేళ్ళ కిందట ఆమె గుండె ఆగి పోయింది. అంత్యక్రియల భోజనంలో అందరూ ఏడుస్తూనో మానేసో తింటుంటే, ఇతను మాత్రం రేపు పనుందని రొట్టె ముక్కా ఆపిల్ ముక్కా కొరుక్కుంటూ కూర్చున్నాడు. కూతురు నెదా ఆ దృశ్యాన్ని క్షమించలేదు. క్షమించాల్సిన పనీ లేదు.

"ఏరా, మొలలెలా ఉన్నాయి?" అన్నాడు పక్క అరలోంచి రుస్కో. "దిండేసుకుని కూర్చున్నావు సుల్తానులాగా."

"ముందు నీ నోరు పుక్కిలించుకో. కంపు ఇక్కడిదాకా కొడుతోంది."

"సోమవారం కోస్తారటగా? పొరపాట్న నాలుక కొయ్యొద్దని డాక్టరుకి చెప్పు. ఉన్నదల్లా అదొక్కటే నీకు."

"కోసినా నీ నాలుక కంటే బాగానే పనిచేస్తుందిలే. పోయిన వారం బూజు పట్టిన ఆకుకి ఎనిమిది వేశావు."

అవతలి అరల్లో ఉన్న ఇద్దరూ కిసుక్కున నవ్వారు. రుస్కో నవ్వలేదు. పంతొమ్మిదేళ్ళుగా అతను కిటికీ పక్క అర కోసం కాచుకుని ఉన్నాడు. అది పెద్ద టేస్టరు చోటు. స్తమాత్ లేస్తే గాని అది ఖాళీ కాదు.

అవి మొలలు కావు. కొత్త సంవత్సరం నుంచి నెత్తురు పడుతోంది. మూడు వారాల కిందట గొట్టం వేసి చూసిన డాక్టరు, పెద్దపేగులో గడ్డ ఉందని, మంచిది కాదని చెప్పాడు. ఫ్యాక్టరీలో స్తమాత్ మొలలన్నాడు. క్యాన్సరని చెప్తే రుస్కో జాలి పడతాడు. ఆ జాలి భరించడం కన్నా మొలలుండటమే గౌరవం అనుకున్నాడు.

తండ్రి కూడా ఇలాగే పోయాడు, యాభై నాలుగేళ్ళకి, కడుపులో ఏదో అని. కొండవాలున పొగాకు పండించి, పండించినదాంట్లో మంచి ఆకు సర్కారుకిచ్చి, చెత్త ఆకు చుట్టుకుని తాగిన మనిషి. స్తమాత్‌కి ఇప్పుడు యాభై ఆరు. తండ్రి కంటే రెండేళ్ళు ఎక్కువ బతికానని అతనికి లోపల్లోపల కొంత గర్వం.

ఈ గదిలో చేరిన మొదటిరోజున అప్పటి పెద్ద టేస్టరు అతన్ని పక్కకి పిలిచి ఒక మాట నేర్పాడు. ఇంట్లో అడిగితే పొగ గొంతు దిగదని చెప్పు. ద్రాక్షసారాయం రుచి చూసేవాళ్ళు పుక్కిలించి ఉమ్మేసినట్టే, మనమూ నోట్లో తిప్పి వదిలేస్తామని చెప్పు. నలుగురు టేస్టర్లూ నాలుగిళ్ళల్లో అదే చెప్పారు. పెళ్ళాలు నమ్మారు, పిల్లలు నమ్మారు. కొన్నేళ్ళు పోయాక చెప్పినవాళ్ళూ నమ్మేశారు. కానీ పొగ దిగకుండా ఘాటుకి మార్కు వెయ్యడం ఎవడి తరమూ కాదు. ఘాటు తెలిసేది నాలుక మీద కాదు, రొమ్ములో. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ప్రతి సిగరెట్టూ దిగింది.

నాలుగింటికి కాగితాలు అప్పజెప్పి, చేతులు కడుక్కుని, స్తమాత్ ఆసుపత్రికి నడిచాడు. రాజధానిలోని వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు పేగు క్యాన్సర్ రోగుల నుంచీ వాళ్ళ పిల్లల నుంచీ నెత్తురూ వివరాలూ సేకరిస్తున్నారు. ఆ పని మీద వచ్చిన కలీనా అనే అమ్మాయి నెత్తురు పరీక్షల గది పక్కనే చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. కళ్ళజోడు, గట్టి గొంతు. ఎవరి మొహమూ చూసి మొహమాటపడే రకం కాదు. పదిరోజుల కిందట స్తమాత్ దగ్గర ఒక గొట్టం నెత్తురు తీసుకుని, నలభై పేజీల ప్రశ్నలు అడిగింది. ఇవాళ మళ్ళీ రమ్మంది.

"కూర్చోండి, స్తమాత్ గారూ."

"నిలబడతాను. తొందరగా కానివ్వు."

"ఉద్యోగం అని అడిగితే ఫ్యాక్టరీలో నాణ్యత చూస్తానన్నారు. నేను బిస్కెట్లేమో అనుకున్నాను."

"నువ్వు బిస్కెట్లా అని అడగలేదు."

"సిగరెట్లు తాగుతారా అని అడిగాను. తాగనన్నారు. ఎప్పుడైనా తాగారా అన్నాను. లేదన్నారు. ఇదిగో, రోజుకి ఎన్ని అన్నచోట సున్నా చుట్టాను." కాగితం తిప్పి అతని ముందు పెట్టింది. "నిన్న మీ అమ్మాయి నెత్తురివ్వడానికి వచ్చింది. మీరు టేస్టరని ఆవిడ చెప్పింది."

"అయితే? పొగ నోట్లోనే. గొంతు దిగదు."

"ఆవిడా అదే అంది. అక్షరం పొల్లుపోకుండా."

"నిజం ఎన్నిసార్లు చెప్పినా ఒకేలాగే ఉంటుంది మరి."

"అప్పజెప్పిన పాఠం కూడా ఒకేలాగే ఉంటుంది." కలీనా కళ్ళజోడు తీసి బల్లమీద పడేసింది. "చూడండి. పొగతో లోపలికి వెళ్ళే విషాన్ని కడిగి పారేసే సరుకు ఒంట్లోనే తయారవుతుంది. అది ఎలా తయారవ్వాలో అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువుల్లో రాసుంటుంది. అందరిలో ఆ రాత ఒకలాగ ఉండదు. కొందరిలో కడిగే పని నిదానం. పొగ జోలికి పోకపోతే ఆ నిదానం వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. పొగ తోడైతే పేగుకి ముప్పు పెరుగుతుందేమోనని మా అనుమానం. అది తేల్చడానికే ఆరువందల మందిని అడుగుతున్నాం. మీరు సున్నా అంటే, మీ జబ్బులో పొగకి వాటా లేదని రాసుకుంటాం. తప్పంతా నెత్తురుదే అవుతుంది."

"అయితే అవనీ. నెత్తురు నాది."

"మీదొక్కరిదే కాదు, సగం మీ అమ్మాయిది కూడా. మెట్లమీద సిగరెట్టు కాల్చుకుంటూ వచ్చింది. రోజుకి పెట్టెడట. మానెయ్యమన్నాను. నవ్వింది. 'మా నాన్న పొగ మింగకుండానే తెచ్చుకున్నాడు కదా, మా తాతకీ అదే వచ్చిందట, రాసిపెట్టున్నది మానేస్తే ఆగుతుందా' అంది. నేనేం చెప్పను? నా చేతిలో మీ సున్నా ఉంది."

స్తమాత్ చెవులు ఎర్రబడ్డాయి. నలభై పేజీల కాగితాన్ని వేలి గోటితో వెనక్కి నెట్టాడు.

"నువ్వు నిన్న పుట్టావు. ఈ ఊరు తిన్న ప్రతి రొట్టె ముక్కా పొగాకు పెట్టిందే. నీ చదువుక్కూడా అందులోంచే పన్ను పోయింది. మా అమ్మాయి సంగతి నువ్వు మాట్లాడకు. రాసుకున్నది అలాగే ఉంచు."

"సంతకం పెట్టండైతే, ఇది నిజమని."

పెట్టాడు. కోపంలో మనిషికి చేతులు బాగా నిలుస్తాయి.

ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా బాల్కనీ మీదే ఉంది. ఏప్రిల్ నెల. నెదా ఆసుపత్రి సంచీ సర్దడానికి వచ్చి, మంచం మీద రెండు పైజమాలూ, తువ్వాలూ, చెప్పులూ పరిచి ఉంచింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పని, రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. తండ్రిని చూడగానే బాల్కనీలోకి వెళ్ళి, గాజు తలుపు మూసి, సిగరెట్టు ముట్టించింది. ఆమెకి పదిహేడేళ్ళప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఆ గాజు తలుపుంది. మొదటిసారి పట్టుబడ్డ రోజు చెంప పగలగొడతాడేమోనని గోడకి అంటుకుపోయింది. ఆయన గాలి పీల్చి, "రెండో లైను సరుకు. తేమెక్కువ. తగలేస్తే తగలేశావు, కాస్త మంచిది తగలెయ్" అన్నాడు. కొట్టినా బాగుండేదని ఆమె చాలాసార్లు అనుకుంది.

ఇవాళ తలుపు తెరుచుకుని తండ్రి బయటికి వచ్చాడు. నెదా జరగలేదు.

"సిగరెట్టు వాసన పట్టుకుంటుంది, లోపలికి పో," అంది. "రేపు పనుందిగా నీకు."

"దిగుతుంది," అన్నాడు స్తమాత్.

"ఏం దిగుతుంది?"

"పొగ."

నెదా అర్థంకానట్టు చూసింది. అతను ఆమె వేళ్ళ మధ్య నుంచి సిగరెట్టు లాక్కున్నాడు. ఈ ఇంట్లో అతని చేతిలో సిగరెట్టు చూడటం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"చూడు." ఒక దమ్ము లాగి, బుగ్గల్లో ఉంచి, వెంటనే ఊదాడు. ఎండలో పొగ నీలంగా, చిక్కగా లేచింది. "ఇది నోట్లో పొగ. నీలంగా ఉంటుంది." మళ్ళీ లాగాడు. ఈసారి రొమ్ము పైకి లేచింది. చాలాసేపు ఏమీ రాలేదు. అప్పుడు పల్చటి తెల్లటి పొగ నెమ్మదిగా ముక్కులోంచి వచ్చింది. "ఇది దిగొచ్చిన పొగ. నీలమంతా లోపలే ఉండిపోయింది. రోజుకి ఇరవై ఎనిమిది ఇలాగే."

కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు మీద వెళ్ళారు. నెదా బాల్కనీ కడ్డీకి ఆనుకుని తండ్రి వైపు తిరిగింది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"మేం నలుగురం మునుల్లాంటి వాళ్ళం, మా నాలుక పవిత్రం అని చెప్పి పాతికేళ్ళు అమ్మ నోరు కట్టేశావు. వెల్లుల్లి తిన్నందుకు దొంగలా చూశావు. చివరికి నువ్వు బస్టాండులో తాగుబోతులకన్నా ఎక్కువ పొగ మింగావా?"

"అవును."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు? పాపం కడుక్కోవడానికా? చర్చికి పో, అక్కడ వింటారు."

"అందుకు కాదు." స్తమాత్ కడ్డీ పట్టుకుని కొంచెం వంగాడు. కడుపులో నొప్పి లేచింది. "మా నాన్న చుట్టలు తాగి పోయాడు. నేను నంబర్లు తాగి పోతున్నాను. మన నెత్తురులో కడిగేవాడు బద్ధకస్తుడట. నీలో కూడా వాడే ఉండొచ్చు. వాడి నెత్తిన మళ్ళీ ఎత్తి పొయ్యకు. రాసిపెట్టుందని ఎవతో దగ్గర కూసావట. ఏమీ రాసిపెట్టి లేదు. నేను మింగాను కాబట్టి వచ్చింది."

"నిజమో అబద్ధమో నాకెలా తెలియాలి? ముప్ఫై ఏళ్ళు అబద్ధమే ఆడినవాడివి."

"తెలీకపోతే ఏడువు."

నెదా అతని చేతిలోంచి సిగరెట్టు లాక్కుని కిందికి విసిరేసింది. పెట్టెలోంచి ఇంకోటి తీసి, అతని కళ్ళలోకి చూస్తూ ముట్టించింది. ఒక్కో దమ్మూ పంతం పట్టినట్టు రొమ్ము నిండా లాగింది. స్తమాత్ లోపలికి వెళ్ళి, మంచం మీది పైజమాలని తనే సంచీలో కుక్కుకున్నాడు. అతనికి చాలా భయం వేసింది. ఆపరేషనంటే కాదు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ప్రతి సిగరెట్టునీ వాసన బట్టి గుర్తుపట్టాడు గాని, అది ఎక్కడికి దిగుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

శుక్రవారం మామూలుగా పనికి వెళ్ళి పదహారుకి పదహారూ, పన్నెండుకి పన్నెండూ మార్కులేశాడు. సోమవారం పొద్దున ఆసుపత్రిలో, బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్ళే ముందు, నర్సు చేత కలీనాని పిలిపించాడు.

"ఆ సున్నా కొట్టెయ్," అన్నాడు. "ఇరవై ఎనిమిది అని రాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు. అన్నీ దిగినవే."

"మంచి పని చేశారు, స్తమాత్ గారూ. దీనివల్ల మాకు..."

"నీ కోసం కాదు. నా కూతురు మళ్ళీ వచ్చి అడిగితే కాగితం చూపించు. నా మాట నమ్మదు. సంతకం నమ్ముతుందేమో." పడుకునే సంతకం పెట్టాడు. ఈసారి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. బుధవారం కుట్టు దగ్గర చీము పట్టి జ్వరం వచ్చింది. గురువారం తెల్లారి, పాలవాళ్ళు తిరిగే వేళకి, స్తమాత్ పోయాడు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ గేటుకి అతని ఫోటో వేసిన నల్ల అంచు కాగితం అంటించారు. రుస్కో దాని ముందు చాలాసేపు నిలబడి, పైకి వెళ్ళి, తన పాత అరలోనే కూర్చున్నాడు.

నెదా ఆ సాయంత్రమే బట్టల సంచీ తీసుకెళ్ళడానికి ఆసుపత్రికి వచ్చి, కలీనా బల్ల ముందు ఆగింది. అడక్కుండానే కలీనా కాగితం తిప్పి చూపించింది. కొట్టేసిన సున్నా పక్కన ఇరవై ఎనిమిది, దాని కింద గజిబిజి సంతకం. నెదా రెండుసార్లు చదివింది. "ఆయన సంతకమే" అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పాతిపెట్టారు. సన్నగా తుంపర. పాదిరి వెళ్ళిపోయాక దగ్గరివాళ్ళు మట్టి మీద ద్రాక్షసారాయం పోసి, ఉడికించిన గోధుమలు పంచుకుని తిన్నారు. పొగతాగేవాడు పోతే సమాధి మట్టిలో ఒక సిగరెట్టు ముట్టించి గుచ్చడం మాలో ఉన్నదే. పోయినవాడు తన వాటా తాగుతాడని. స్తమాత్ విషయంలో ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు రుస్కో ముందుకొచ్చాడు. కోటు చాటున సిగరెట్టు ముట్టించి, ఒక దమ్ము లాగి నిప్పు నిలబెట్టి, సిలువ పక్కన మట్టిలో గుచ్చాడు. అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి.

"తియ్యి బాబాయ్," అంది నెదా.

"ఆచారం తల్లీ. మా నలుగురిలోకీ పెద్దవాడు."

"ఆయన పొగతాగడని మీరే కదా ఊరంతా చెప్పింది."

రుస్కో వేళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఒక్క మాట చెప్పు. దిగుతుందా?"

రుస్కో వెనక్కి చూశాడు. ఒకే గొడుగు కింద నిలబడ్డ ఇద్దరు టేస్టర్లూ వాళ్ళ బూట్ల వంక చూసుకుంటున్నారు. పక్కన వాళ్ళ భార్యలున్నారు. రుస్కో భార్య కూడా ఉంది.

"దిగదమ్మా," అన్నాడు రుస్కో. "నోట్లోనే."

నెదా అతన్ని తిట్టలేదు. వంగి, సిగరెట్టుని మట్టిలోంచి పీకింది. నిప్పు ఇంకా ఆరలేదు. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి సగం దూరం దానంతటదే నోటి వైపు లేచింది. అక్కడ ఆగింది. రుస్కో చూస్తున్నాడు, అందరూ చూస్తున్నారు, ఆమె ఎవరినీ చూడటం లేదు.

"ఆయన పని అయిపోయింది," అంది. "ఇంక చేయించకండి."

నిప్పున్న వైపు కిందికి తిప్పి, బొటనవేలితో గట్టిగా తడి మట్టిలోకి నొక్కింది. వేళ్ళు కోటుకి తుడుచుకుని, ఎవరి గొడుగు కిందికీ వెళ్ళకుండా, గేటు వైపు నడిచింది.

మట్టిలోంచి సిగరెట్టు వెనక భాగం బయటికి పొడుచుకొచ్చి నిలబడింది, మూడొంతులు కాలకుండానే, తుంపరకి కాగితం మెత్తబడి లోపలి పొగాకు గోధుమరంగుగా కనబడుతూ.